గోడలు తీసేశారు, నా లెక్కలు తప్పుతున్నాయి

ప్రశ్న: అక్కా, నాకు 31 ఏళ్ళు. కడపలో ఒక ఫైనాన్స్ కంపెనీ బ్రాంచిలో ఆరేళ్ళుగా అకౌంట్స్ చూస్తున్నాను. ఇంతవరకూ ఆడిట్‌లో నా మీద ఒక్క రిమార్కు రాలేదు. ఉగాది తర్వాత ఆఫీసంతా మార్చారు. మా అకౌంట్స్ గది గోడ పడగొట్టి, 34 మందినీ ఒకే హాల్లో పొడుగు టేబుళ్ళ దగ్గర కూర్చోబెట్టారు. నా పక్కనే కలెక్షన్ వాళ్ళు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫోన్లే. 5వ తేదీ ఈఎంఐలు బౌన్స్ అయ్యాక ఇక చెప్పలేను. బ్యాంకు రీకన్సిలియేషన్ (మా పుస్తకాల్లోని లెక్కను బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూడడం) చేస్తుంటే వాళ్ళు ఫోన్లో చెప్పే అంకెలు నా చేతిలోకి వచ్చేస్తున్నాయి. రెండు నెలల్లో మూడు తప్పులు చేశాను. సాయంత్రానికి మెడ పట్టేస్తుంది, తల పగిలిపోతుంది. మేనేజర్ సార్‌కి చెబితే, "ఇంతమంది చేసుకుంటున్నారు, నీ ఒక్కదానికే ఏమ్మా ఇబ్బంది?" అన్నారు. ఆయనకు వేరే క్యాబిన్ ఉంది. మా ఆయన ఉద్యోగం మానేయమంటున్నారు. ఇంటికొచ్చాక మా ఐదేళ్ళ బాబు పాటలు పాడితే అరుస్తున్నాను. వాడు నిద్రపోయాక ఏడుస్తున్నాను. లోపం నాలోనే ఉందా?
— ఒక సోదరి, కడప

సమాధానం:

అమ్మా, మీరు చివర అడిగినదానికి ముందు జవాబు చెబుతాను. లోపం మీలో లేదు. ఆరేళ్ళు ఇదే పని చేశారు, ఒక్క రిమార్కు రాలేదు. గోడ పడగొట్టిన రెండు నెలల్లో మూడు తప్పులు వచ్చాయి. లెక్కలు చూసే మనిషి మీరు. ఈ లెక్క ఎటు తేలుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

పక్కవాళ్ళ అంకెలు చేతిలోకి వచ్చేస్తున్నాయని రాశారు చూడండి, అది నూటికి నూరు శాతం నిజం. ఇరవై ఏడు వేల నాలుగొందల ముప్పై అని స్టేట్‌మెంట్‌లో చూసి, కళ్ళు స్క్రీన్ మీదకు తిప్పేలోపు ఆ అంకెను మనం లోపల అనుకుంటూ ఉంటాం. పైకి వినపడదు గానీ అదీ ఒక మాటే. సరిగ్గా ఆ క్షణంలో పక్క నుంచి "పదమూడు వేల ఐదొందలు అన్నా, ఈ రోజే కట్టాల" అని వినిపిస్తే రెండూ కలగలిసిపోతాయి. దీని మీద 1976 నుంచీ ప్రయోగాలు జరిగాయి. అమెరికాలో కొందరు విద్యార్థులకు కొన్ని అక్షరాలు వరసగా చూపించి గుర్తుపెట్టుకోమన్నారు. వెనక నుంచి జర్మన్ భాషలో చదువుతున్న గొంతు వినిపించారు. వాళ్ళకు ఆ భాష రాదు. అయినా అక్షరాల వరస తప్పింది. రాని భాషకే అట్లా అయితే, మన కడప తెలుగులో, అదీ రూపాయల లెక్క చెబుతుంటే ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఫ్యాన్ చప్పుడుకు, ఏసీ మోతకు మనం అలవాటు పడతాం, ఎందుకంటే అది ఒకే తీరుగా ఉంటుంది. మనిషి గొంతు క్షణక్షణం మారుతుంది. అందులోనూ ఫోన్ మాట మరీ కష్టం. ఇద్దరు ఎదురెదురుగా మాట్లాడుకుంటుంటే మనకు రెండు వైపులా వినపడుతుంది కాబట్టి మనసు దాన్ని పక్కన పెట్టేయగలదు. ఫోన్లో ఒక వైపే వింటాం. "ఎప్పుడు?... లేదు లేదు... అట్లా అంటే ఎట్లా?" అని వింటుంటే అవతలి మనిషి ఏమన్నాడో మనకు తెలియకుండానే మనసు పూరించుకుంటూ పోతుంది. 2010లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ళు పరీక్షించి చూశారు. ఇద్దరి మాటలూ వినిపించినప్పటి కంటే ఒక వైపు మాటలే వినిపించినప్పుడు మనుషులు శ్రద్ధగా చేయాల్సిన పనిలో ఎక్కువ తడబడ్డారు. మీ పక్కన ఇలాంటి సగం మాటలు రోజంతా.

ఇక మీ మేనేజర్ గారు అన్న మాట. ఇంతమందికి లేని ఇబ్బంది నీకేమిటని. ఇదే కార్నెల్‌లో 2000వ సంవత్సరంలో చేసిన ఇంకో ప్రయోగం ఉంది. నాకు అది చాలా ఇష్టం, ఎందుకంటే అందులో ఉన్నది మనలాంటి ఆఫీసు ఆడవాళ్ళే. గుమాస్తా పని చేసే 40 మందిని తీసుకుని, కొందరిని మూడు గంటలు నిశ్శబ్దంగా ఉన్న చోట, కొందరిని గోడలు లేని ఓపెన్ ఆఫీసులో ఉండేంత మామూలు చప్పుడులో పని చేయించారు. ఎట్లా ఉందని అడిగితే చప్పుడులో కూర్చున్నవాళ్ళు పెద్దగా తేడా చెప్పలేదు. కానీ పరీక్ష చేస్తే వాళ్ళ ఒంట్లో అడ్రినలిన్ ఎక్కువగా ఉంది. తర్వాత ఒక చిక్కుముడి ఇస్తే తొందరగా వదిలేశారు. కుర్చీలో అటూ ఇటూ సర్దుకుని కూర్చోవడం కూడా తగ్గించారు. మీ మెడ పట్టేయడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు. మీ హాల్లో మిగతా 33 మంది నోరు మెదపనంత మాత్రాన వాళ్ళకు ఏమీ కావడం లేదని కాదు. మీది అంకెల పని కాబట్టి ముందు మీ దగ్గర బయటపడింది.

నేనూ ముప్పై మూడేళ్ళు హాల్లో పని చేసినదాన్నే. 1984లో చేరినప్పుడు మా సెక్షన్‌లో పద్నాలుగు టేబుళ్ళు. గోడలు లేవు. కింద కడప బండలు, పైన ఎత్తయిన కప్పు, రెండు టైపు మిషన్లు పొద్దంతా టకటకమనేవి. అయినా నా లెక్క తప్పేది కాదు. ఎందుకో అప్పుడు తెలియలేదు, తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. టేబుల్‌కీ టేబుల్‌కీ మధ్య బీరువాలు, ర్యాకులు ఉండేవి. వాటి నిండా గుడ్డతో కట్టిన ఫైళ్ళ కట్టలు. ఆ కాగితం, ఆ గుడ్డ మాటల్ని మింగేసేవి. ఫోను ఒక్కటే, అది సూపరింటెండెంట్ గారి టేబుల్ మీద. 2006లో మా హాలు కూడా కొత్తగా కట్టారు. కట్టలు రికార్డు రూముకు పోయాయి, ర్యాకులు తీసేశారు, అద్దాలు, టైల్స్ వచ్చాయి, నా పక్కకే కౌంటర్ వచ్చింది. ఆ ఏడాది ఒక కూడికలో తప్పు వచ్చి నాకు మెమో ఇచ్చారు. వయసు మీద పడుతోంది, ఇక నేను పనికి రానేమో అని చాలా కుమిలిపోయాను. ఎవరికీ చెప్పుకోలేదు. ఆ మెమో ఇప్పటికీ నా దగ్గర ఉంది. మీ ఉత్తరం చదువుతుంటే అదే గుర్తొచ్చింది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఇట్లాంటి హాళ్ళు ఎందుకు కడతారంటే, అందరూ కలిసిమెలిసి పని చేస్తారని చెబుతారు. 1950లలో జర్మనీలో ఈ పద్ధతి మొదలైనప్పుడు ఆ ఆలోచన నిజంగానే ఉంది. వాళ్ళు కింద తివాచీలు పరిచారు, మధ్యలో మొక్కలు, అడ్డు తెరలు పెట్టారు. తర్వాత తర్వాత తెరలూ తివాచీలూ పోయి, తక్కువ చోట ఎక్కువ మందిని పట్టించే పద్ధతిగా మిగిలింది. కలిసిమెలిసి అన్నదీ నిలబడలేదు. హార్వర్డ్ వాళ్ళు 2018లో ప్రచురించిన పరిశోధనలో, గోడలు తీసేసిన రెండు పెద్ద కంపెనీల ఉద్యోగులకు చిన్న పరికరాలు తగిలించి కొలిచారు. ఎదురెదురుగా మాట్లాడుకునే సమయం దాదాపు 70 శాతం తగ్గింది. మెయిళ్ళు, మెసేజ్‌లు పెరిగాయి. అందరి ముందూ మాట్లాడడం ఇష్టం లేక మనుషులు మూసుకుపోయారు. మీ హాల్లో కూడా పక్క టేబుల్ మనిషికి వాట్సాప్‌లో మెసేజ్ పెడుతున్నారా లేదా, చూడండి.

ఇప్పుడు ఏం చేయాలో చెబుతాను.

మీ ఉత్తరంలోనే ఒక దారి ఉంది, మీరు గమనించలేదు. 5న ఈఎంఐలు బౌన్స్ అవుతాయి, 6 నుంచి ఫోన్లు మొదలవుతాయి. మీరు జీఎస్‌టీఆర్-1 (నెలవారీ జీఎస్‌టీ రిటర్ను) వేయాల్సిన చివరి తేదీ 11. అంటే హాల్లో గోల ఎక్కువగా ఉండే ఆ ఆరు రోజులూ మీ చేతిలో సున్నితమైన పని ఉంటుంది. మూడు తప్పులూ ఏ తేదీల్లో జరిగాయో పాత ఎంట్రీలు తీసి చూడండి. ఈ ఆరు రోజుల్లో పడి ఉంటాయని నా అనుమానం. పడ్డాయనుకోండి, మీరు అడగాల్సింది చాలా చిన్నది అవుతుంది. గోడ మళ్ళీ కట్టమని అడగొద్దు, ఎవరూ కట్టరు. నెలకు ఆరు రోజులు, రోజుకు మూడు గంటలు, ఒక మూసిన గది కావాలని అడగండి. దాదాపు ప్రతి బ్రాంచిలోనూ మీటింగ్ రూమ్ అని ఒకటి ఉంటుంది, పైనుంచి ఎవరైనా వచ్చినప్పుడు తప్ప దానికి తాళమే. అది లేకపోతే రికార్డు రూమ్ అయినా సరే. కాగితాల మధ్య కూర్చుంటే ప్రశాంతంగా ఉంటుంది, నేను కూర్చున్నాను.

సాయంత్రం ఆలస్యంగా ఉండి చేసుకుంటాలే అని మాత్రం ఒప్పుకోవద్దు. రికవరీ కోసం ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత అప్పు తీసుకున్నవాళ్ళకు ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లో చెప్పింది. కాబట్టి వాళ్ళ ఫోన్లన్నీ మీ పని గంటల్లోనే పడతాయి. హాలు నిశ్శబ్దం అయ్యేదాకా మీరు కాచుకుని ఉంటే ఇంటికి చేరేసరికి బాబు నిద్రపోయి ఉంటాడు.

అడిగే ముందు ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఒక నెల చాలు. ఏ పూట ఏ పని చేశారు, ఎన్నిసార్లు మళ్ళీ మొదటి నుంచి కూడాల్సి వచ్చింది, అంతే. ఎవరు గట్టిగా మాట్లాడారో వాళ్ళ పేర్లు రాయొద్దు. అది ఎప్పుడో ఒకరోజు ఎవరి కంటో పడుతుంది, మీకు శత్రువులు తయారవుతారు. మేనేజర్ గారి దగ్గర తలనొప్పి గురించి, ఏడుపు గురించి కాకుండా తప్పుల గురించి మాట్లాడండి. ఆయన జవాబు చెప్పుకోవాల్సింది వాటికే. "సార్, ఈ నెల 6 నుంచి 11 మధ్య రీకన్సిలియేషన్ తొమ్మిదిసార్లు మళ్ళీ చేశాను. వచ్చే నెల ఆ ఆరు రోజులు మీటింగ్ రూమ్‌లో కూర్చుని చేసి చూస్తాను. తేడా రాకపోతే నా సీటుకే వచ్చేస్తాను." ఇట్లా ఒక్క నెలకు అడిగితే కాదనడం కష్టం. వీలైతే 8వ తేదీన ఒక గంట మీ సీట్లో కూర్చుని ఒక కాగితం చదవమని ఆయన్నే అడగండి. కోపంగా కాదు, మామూలుగా.

ఆయన వినాల్సిన విషయం ఇంకొకటి ఉంది. మీ హాల్లోకి కస్టమర్లు వస్తుంటారు కదా. ఫలానా ఊరి ఫలానా ఆయన మూడు కంతులు కట్టలేదని వాళ్ళందరికీ వినపడుతోంది. అప్పు సంగతి మనిషి పరువు సంగతి. కడప ఎంత చిన్న ఊరో మీకు తెలుసు, అక్కడ కూర్చున్నవాళ్ళలో ఎవరో ఒకరు ఆయనకు చుట్టం అయి ఉంటారు. కస్టమర్ల సమాచారం కాపాడే బాధ్యత కంపెనీలదేనని 2023లో చట్టం కూడా వచ్చింది. కలెక్షన్ ఫోన్లకు విడిగా ఒక మూల ఏర్పాటు చేయడానికి ఇది బలమైన కారణం. మీ ఇబ్బంది కూడా దాంతోపాటే తీరుతుంది.

కలెక్షన్ పిల్లల మీద కోపం పెట్టుకోకండి. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ పిల్లలు, టార్గెట్లు మెడ మీద, అవతలి నుంచి తిట్లు. వాళ్ళు అరవాలని అరవడం లేదు. చుట్టూ చప్పుడు ఉంటే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఎతియెన్ లోంబార్డ్ అనే ఫ్రాన్స్ డాక్టరు 1911లోనే ఇది రాశాడు, ఆయన పేరు మీదే లోంబార్డ్ ఎఫెక్ట్ అంటారు. ఒకరు పెంచితే పక్కవారు పెంచుతారు, సాయంత్రానికి అందరి గొంతులూ బొంగురుపోతాయి. వాళ్ళలో ఒకరితో టీ దగ్గర నెమ్మదిగా మాట్లాడి చూడండి. రెండు చెవులకూ ఉండి, నోటి దగ్గరకు మైకు వచ్చే హెడ్‌సెట్లు అడగమని చెప్పండి. అవతలి మాట స్పష్టంగా వినపడితే గొంతు దానంతట అదే తగ్గుతుంది. ఈ కోరిక వాళ్ళ నుంచి వస్తే ఇంకా మంచిది.

సీటు విషయం. ఆరుబయట అయితే దూరం రెట్టింపైన ప్రతిసారీ చప్పుడు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. బండలు, అద్దాలు ఉన్న హాల్లో అంత తగ్గదు, కానీ ఎంతో కొంత తగ్గుతుంది. మీటరు దూరంలో ఉన్న గొంతును నాలుగు మీటర్లకు జరపగలిగితే చాలా తేడా ఉంటుంది. గొంతు ముందుకు పోయినంత బలంగా వెనక్కి పోదు కాబట్టి, వాళ్ళ ముఖాలు మీ వైపు లేకుండా టేబుళ్ళు తిప్పినా నయమే. మీ మధ్యకు రెండు ఫైళ్ళ ర్యాకులు జరిపించుకోండి, నిండా ఫైళ్ళతో. ఎదుటి గోడకు దళసరి జంపఖానా, గోడకు ఆనకుండా కొంచెం ఎడంగా వేలాడదీసినా ప్రతిధ్వని కొంత తగ్గుతుంది. పలచటి కర్టెన్లకు డబ్బు పెట్టొద్దు, దండగ.

చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాటలు వింటూ పని చేయమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. తెలుగు పాట అంటే మళ్ళీ మాటలే కదా, అంకెలకు అదీ అడ్డమే. పెట్టుకుంటే మాటల్లేని సంగీతం, లేదా వాన చప్పుడు లాంటిది, అదీ చిన్నగా. హాలు గోలను మించేలా గట్టిగా పెంచి గంటల తరబడి వింటే చెవులు దెబ్బతినవచ్చు. మందుల షాపులో దొరికే మెత్తటి ఇయర్ ప్లగ్స్ ఇంతకంటే మేలు. లెక్కలు చేసే గంటన్నర పెట్టుకుని తర్వాత తీసేయండి. ఎవరైనా "ఒక్క నిమిషం మేడం" అని పిలిస్తే, తల తిప్పే ముందు ఎక్కడ ఆగారో పెన్సిల్‌తో టిక్కు పెట్టండి. చిన్న పనే గానీ, నాకు రిటైరయ్యేదాకా అదే ఆదుకుంది.

ఫోన్లో డెసిబెల్స్ కొలిచే యాప్ వేసుకుని, వాణిజ్య ప్రాంతంలో పగలు 65 దాటకూడదని రూల్ ఉంది అంటూ గొడవకు వెళ్ళకండి. 2000 నాటి ఆ రూల్స్ బయటి పరిసరాల గురించి, మీ హాలు లోపల మాట్లాడుకునే మాటల గురించి కాదు. పైగా మీ ఇబ్బంది చప్పుడు ఎంత ఉందన్న దానికంటే, అది మాట కావడంలో ఉంది.

తలనొప్పి నెల దాటినా తగ్గకపోతే కళ్ళు, బీపీ చూపించుకోండి. చెవుల్లో గుయ్యిమనే మోత ఉంటే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించుకోండి, వాయిదా వేయకండి. ఒకే ఏసీ గాలిలో అంతమంది కూర్చునే హాల్లో జలుబులు కూడా తొందరగా పాకుతాయి. ఆరుగురి కంటే ఎక్కువ మంది ఉండే హాళ్ళలో పని చేసేవాళ్ళు, విడి గదుల్లో ఉన్నవాళ్ళ కంటే 62 శాతం ఎక్కువ రోజులు సిక్ లీవు పెట్టారని 2011లో డెన్మార్క్‌లో తేలింది. మీ సిక్ లీవులు దాచిపెట్టుకోకుండా వాడుకోండి.

మీ ఆయన మానేయమంటున్నారంటే మీ బాధ చూడలేకే. ఆ మాటకు నొచ్చుకోకండి. కానీ ఈ ఒక్క కారణానికి ఇప్పుడే మానేయడం నాకు ఇష్టం లేదు. ఇంకో కంపెనీకి వెళ్ళినా ఇప్పుడు అందరూ ఇదే తీరు హాళ్ళు కడుతున్నారు. ఆరేళ్ళ అనుభవం, మచ్చలేని రికార్డు మీ చేతిలో ఉన్న ఆస్తి. మూడు నెలలు గడువు పెట్టుకోండి. మీరు అడిగింది ఒక్కటీ జరగకపోతే, తప్పులు మీ పేరు మీదే రాస్తుంటే, అప్పుడు వెతుక్కోండి. ఇంటర్వ్యూకి వెళ్ళిన చోట మాత్రం మీరు కూర్చోబోయే సీటు చూపించమని అడగండి. జీతం అడిగినట్టే అది కూడా అడగాలి.

చివరగా బాబు. వాడి పాటలకు అరుస్తున్నానని రాశారు కదా. ఎనిమిది గంటలు మాటలు విని వచ్చిన మనిషికి ఇంకొక్క గొంతు కూడా బరువే. అందుకని మీరు చెడ్డ తల్లి అయిపోరు. ఆఫీసు నుంచి నేరుగా ఇంట్లోకి వెళ్ళకండి. దారిలో గుడి అరుగో, పార్కు బెంచీయో, ఏదీ లేకపోతే మీ మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కనో, ఇరవై నిమిషాలు ఎవరితోనూ మాట్లాడకుండా, ఫోన్ చూడకుండా కూర్చోండి. ఆ ఇరవై నిమిషాలు బాబును చూసుకోమని మీ ఆయనను అడగండి. ఉద్యోగం మానేయమని చెప్పే ప్రేమ ఉన్న మనిషి ఆ మాత్రం చేస్తారు. కిందికి వచ్చాక ముందు మీరే బాబును పిలిచి పాట పాడమనండి. నిన్నటి వరకూ అరిచిన అమ్మ తనే అడిగితే వాడు ఒకటికి రెండు పాటలు పాడతాడు.